ప్రమాణం

సైదాపేటలో రైలు కట్ట పక్కన పిండిమర.
రేకు తలుపు మీద సుద్దతో ధరలు,
మిరపకాయలకు వేరే రేటు.
కుమరేశన్ బెల్టు ఎక్కించాడు.
నా కిలో బియ్యం గరాటులోకి జారి
ఇటువైపు వెచ్చగా, పొగలా దిగింది.

ఇందులోంచి నా బియ్యం మళ్ళీ ఇస్తావా, అన్నాను.
నవ్వాడు. కనుబొమల మీది పిండి రాలింది.

నేను అడిగేదీ ఆ నవ్వొక్కటే.
తరమణిలో ఆరేళ్ళుగా నేను కూర్చున్న గదిలో
బోర్డు మీద చెరపకుండా ఉంచిన గీత అదే:
వెళ్ళడం తేలిక, తిరిగి రావడం కష్టం,
అలాంటి దారి లోకంలో ఒక్కటుంటే చాలు.
పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వద్దు,
వంపురేఖల మీద చుక్కలు వద్దు.
ఆ ఒక్కదాన్నే పిండగా పిండగా
ఎవరూ ఊహించలేని బిట్టు ఒకటి రాలుతుంది.
తర్వాత ఇంకొకటి.
చారెడు చల్లితే పుట్టెడు పండినట్టు
నాణేల ఆటలా కనిపించే పొడవాటి వరస.

సువర్చలా, దాంతో మాట కట్టుకోవచ్చు.
కానీ ముందు నువ్వే మాట్లాడాలి,
అనుమానించేవాళ్ళదే మొదటి వంతు.
నాణెం ఎగరేసి, పడ్డ బొమ్మా బొరుసూ రాసి పంపు.
నా మనసులో సున్నా ఉంటే నా వరస ఉన్నదున్నట్టు పంపుతాను,
ఒకటి ఉంటే నీ వరస అందులో కలిపి పంపుతాను.
నీ కంటికి రెండూ ఒకే పిండి.
రేపు నేను మాట మారుద్దామంటే
నీ నాణేలే కాళ్ళకు అడ్డం పడతాయి.
నీ అనుమానంతోనే నా చేతులు కట్టేసుకున్నాను, చూశావా?

ఒకటి ఒప్పుకోవాలి.
ఎవరూ విప్పలేని గుప్పిటా
ఎవరూ తప్పలేని మాటా
రెండూ ఒకేసారి ఎవరికీ దొరకవు.
ఒకటి రాయిలా నిలబడితే
రెండోది అరువు మీద నిలబడుతుంది.
నేను మాటనే ఎంచుకున్నాను.
గుప్పిట సంగతి కుమరేశన్ నవ్వుకే వదిలేశాను.

ఆ తర్వాత రంగుల పని.
ఊళ్ళూ దారులూ ఉన్న ఒక పటం.
పసుపు, కుంకుమ, నీలిమందు, మూడే రంగులు.
ఏ దారికైనా రెండు కొసలా వేరు వేరు రంగులు పడేట్టు
అద్దడం నాకు తెలుసంటాను. నువ్వు నమ్మవు.
ఊరికో డబ్బా బోర్లిస్తాను, ఒక దారి చూపించు.
ఆ రెండు డబ్బాలే ఎత్తుతాను: పసుపు, నీలం.
మళ్ళీ మూసి, రంగులు తారుమారు చేసి
మళ్ళీ. ఇంకో దారి. మళ్ళీ.
మెస్సులో ఇడ్లీలు చల్లారి గట్టిపడేదాకా.
చివరికి నమ్ముతావు.
ఏం తెలిసింది? ఏమీ లేదు.
నువ్వు చూసిన ప్రతి జంటా
నీ గదిలో ఒక్కదానివే కూర్చుని రాసుకోగలిగేదే.

ప్రమాణం అంటే ఒట్టు. ప్రమాణం అంటే రుజువు కూడా.
అమ్మమ్మ మాటల్లో ఎప్పుడో పడి ఉన్న ఆ ముడి
నాకు కనిపించడానికి ఆరేళ్ళూ
నాలుగు తిరస్కరణ ఉత్తరాలూ పట్టాయి.

ఇంతకీ ఆ దారి ఉందని
ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు.
ఎక్కడో ఒక మర ఉండొచ్చు,
పిండి పోస్తే గింజలు రాల్చేది.
అది బయటపడిన రోజు
నా గుప్పిళ్ళన్నీ గాజుబుడ్లు.

మొన్న మెస్సులో అడిగావు,
జూలై తర్వాత ఉంటావా, మానేసి వెళ్ళిపోతావా అని.
ఒక్క బిట్టు.
తేల్చేసుకున్నాను. చెప్పను.
కవరు ఇంకా అంటించలేదు.

వాన మొదలైంది.
కడుపుకు అదుముకున్న సంచి ఇంకా వెచ్చగానే ఉంది.
కుమరేశన్ చిల్లరగా ఇచ్చిన రూపాయి బిళ్ళ
పిండి అంటుకుని ఏ వైపు ఏదో తెలియడం లేదు.
నీకోసం తెస్తున్నాను.
తుడిచి, ఎగరెయ్.